పాడకుండుట నేర్చిన కంఠము

నా పదునెనిమిదవ యేట, మా ఊరి రామాలయము ముందటి పందిరిలో, రాయబార ఘట్టమున శ్రీకృష్ణ పాత్ర ధరించి, అప్పటికి నేర్చిన సంగీతమంతయు ఒక్క పద్యముననే వినిపింపవలెనను ఆరాటముతో, చివరి పాదమును ఎత్తుకొని పై షడ్జము మీద నిలిచి, సభవారు చప్పట్లు చరచువరకు క్రిందికి దిగిరానైతిని. తెర వెనుకకు వచ్చిన పిమ్మట హార్మోనియము వాయించు వృద్ధుడు నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా, రాగము వినబడినది, మాట వినబడలేదు. కృష్ణుడు సంధి కోరి వచ్చినాడు గదా, ఆ సంగతి వారికి ఎవరు చెప్పుదురు?" అని మెల్లగా అడిగెను. ఆ ప్రశ్నకు నాడు నాయొద్ద సమాధానము లేకుండెను. చాల యేండ్లకు, నేనే పదిమందికి పాట నేర్పు వయస్సు వచ్చిన తరువాత, మన దేశమునకు గాని మన సంగీతమునకు గాని ఎట్టి సంబంధమును లేని ఒక గాయకుని జీవితమును చదువుచు, ఆయన పాటలను పాత రికార్డులలో మరల మరల వినుచు నుండగా, ఆ సమాధానము కొంతకు కొంత నాకు చిక్కినట్లు తోచినది. ఆయన పేరు ఎజియో పింజా.

పింజా 1892లో రోము నగరమున జన్మించి రవెన్నాలో పెరిగెను. తండ్రి వడ్రంగి, ఇల్లు బీదది. యౌవనమున ఆయన కోరినది సంగీతము కాదు, సైకిలు పందెములలో కీర్తి. ఆ కోరిక ఫలింపకపోగా బొలోన్యా నగరపు సంగీత విద్యాలయమున చేరి, 1914లో బెల్లినీ రచనయైన 'నోర్మా'లో ఒరొవేసో పాత్రతో రంగప్రవేశము చేసెను. అంతలో మహాయుద్ధము వచ్చి ఆయనను సైన్యమునకు లాగుకొనిపోయినది. యుద్ధానంతరము మిలాను నగరమందలి లా స్కాలాలో, గాయకులకు సింహస్వప్నమని పేరుపడిన తోస్కానినీ సంగీత నిర్వహణమున పాడి, 1926 నవంబరు 1వ తేదీన న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరా రంగస్థలము మీద మొదటిసారి అడుగుపెట్టెను. అది మొదలు 22 సీజనులపాటు అక్కడనే 750కి మించిన ప్రదర్శనలలో పాడుచు, మోత్సార్టు సృష్టించిన డాన్ జొవాన్నీగా, ఫిగరోగా, ముసోర్గ్‌స్కీ సృష్టించిన బోరిస్ గొదునోవ్‌గా తన తరమునకు ప్రమాణమై నిలిచెను. ఇంతటి విద్వాంసునకు స్వరలిపి చదువుట రాదు. పియానో మీద ఒకరు వాయించుచుండగా విని, విన్నదానిని హృదయస్థము చేసికొని పాడెడివాడు. గురుముఖతః నేర్చిన మనకు ఈ సంగతి వింతగా తోపదు. కాని కాగితము మీది స్వరమే వేదముగా నడచు ఆ సంప్రదాయమున అది మిక్కిలి అరుదైన విషయము.

ఆపెరా గాయకుని విద్య ఎట్టిదో కొంచెము వివరింపనిదే ఆయన తరువాత చేసిన పని యొక్క కష్టము బోధపడదు. నాటి మెట్రోపాలిటన్ భవనమున సుమారు 3,600 మంది కూర్చుండుటకు వీలుండెడిది. గాయకునికి మైకు లేదు. ఎదుట గోతిలో పెద్ద ఆర్కెస్ట్రా ఘోషించుచుండును. ఆ ఘోషను కేవలము బలముచేత గెలువబూనిన కంఠము కొలది కాలముననే చెడిపోవును. కనుక శిక్షణ పొందిన గాయకుడు స్వరపేటిక పై భాగమును ఒక విశేషమైన రీతిలో అమర్చుకొని, సెకనుకు 3,000 కంపనముల చుట్టుపట్ల తన నాదశక్తిని కేంద్రీకరించును. ఆర్కెస్ట్రా శక్తి ఆ ప్రాంతమున సన్నగిల్లును, మానవుని చెవి ఆ ప్రాంతముననే మిక్కిలి చురుకుగా నుండును. కావుననే ఒంటరి కంఠము నూరు వాద్యముల మీదుగా తేలి కడపటి వరుస వరకు చేరగలుగును. అయితే ఈ సిద్ధికి గాయకుడు చెల్లించు మూల్యమొకటి కలదు. అచ్చులు గుండ్రబడి ఒకదాని పోలిక ఒకదానికి వచ్చును. హల్లులు నాదప్రవాహమున మునిగిపోవును. మాట క్రమముగా స్వరమునకు వాహనమగును.

మరియొక సంగతి. ఆపెరాలో కాలమునకు కర్త స్వరకర్త. ప్రతి అక్షరము ఎంతసేపు నిలువవలెనో, కోపమునకు శోకమునకు నడుమ ఎన్ని మాత్రల నిశ్శబ్దము ఉండవలెనో ముందే నిర్ణీతమై యుండును. వచన సంభాషణము పలుకు నటునకు ఆ ఆధారము లేదు. తన మౌనమును తానే కొలుచుకొనవలెను; ఎదుటివారి పలుకు విని, దాని వేడిని బట్టి తన పలుకు ఎత్తుకొనవలెను. ముప్పది యేండ్లకు పైగా తాళమును నమ్మి నడచిన మనుష్యునకు తాళము లేని చోట నడచుట, ఈత వచ్చినవానికి ఎండిన ఏటిలో నడక క్రొత్తగా నేర్చుట వంటిది.

1948లో పింజా మెట్రోపాలిటన్ ఆపెరాకు సెలవు చెప్పెను. వయస్సు ఏబది ఆరు. లాస్ ఏంజెలెస్ నగరమున ప్రదర్శనలు నడపు ఎడ్విన్ లెస్టర్ ఆయనను ఒక సంగీత ప్రదర్శనకై ఒప్పందము చేసికొనెను గాని, ఆ కంఠమునకు తగిన నాటకము ఆయనకు దొరకలేదు. సరిగా ఆ సమయముననే, జేమ్స్ మిచెనర్ కథల నాధారముగా చేసికొని 'సౌత్ పసిఫిక్' అను నాటకమును రచించుచున్న రిచర్డ్ రాడ్జర్స్, ఆస్కార్ హామర్‌స్టైన్ అను జంటకు, పసిఫిక్ ద్వీపమున తోటలు పెంచుకొని జీవించు ఎమీల్ దె బెక్ అను నడివయస్సు ఫ్రెంచి మనిషి పాత్రకు తగిన నటుడు కావలసి వచ్చెను. కథానాయిక నెల్లీ పాత్రకు మేరీ మార్టిన్ కుదిరినది. న్యూయార్కు నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలో ఎంత ప్రసిద్ధురాలైనను, ఆపెరా సింహము ప్రక్కన నిలిచి పాడుటకు ఆమె జంకినది. ఇద్దరును ఏకకాలమున గొంతు కలిపి పాడవలసిన అవసరము రానీయనని రాడ్జర్స్ ఆమెకు మాట యిచ్చి, ఆ మాటను నిలుపుకొనెను.

ఆ నియమము నుండియే నాటకమునందలి అతి సుందరమైన ఘట్టములలో ఒకటి పుట్టినది. మొదటి దృశ్యమున, సముద్రము కనబడు వసారాలో, ఎమీల్, నెల్లీ ఎవరి ఆలోచన వారు ఒంటరిగా, ఒకరి తరువాత ఒకరు పాడుకొందురు. ఈమె నాకు దక్కునా అని ఆయన సంశయము, ఇంత నాగరకునకు నేను తగుదునా అని ఆమె సంశయము. ఆ పిమ్మట ఇద్దరును చేత బ్రాందీ గ్లాసులు పట్టుకొని, ఒకరినొకరు చూచుచు మౌనముగా నిలిచియుందురు. ఆర్కెస్ట్రా మాత్రము పొంగి, పొంగి, వారు పలుకలేని దానినంతయు పలికివేయును. ఆలోచింపుడు: ప్రపంచమున అట్టి మంద్ర కంఠము మరి యొకటి లేదని జనులు చెప్పుకొను గాయకుడు, ఆర్కెస్ట్రా శిఖరమునకు చేరిన క్షణమున, ఏ ఆపెరాలోనైనను తన కంఠము విజృంభింపవలసిన క్షణమున, నోరు మెదపక నిలిచియున్నాడు. ఆ మౌనము బరువైనదగుటకు కారణము, ఆ రొమ్ములో ఎంత నాదము దాగియున్నదో సభలో ప్రతివానికిని తెలిసియుండుటయే. పాడలేనివాని మౌనము వేరు, పాడగలిగి ఆగినవాని మౌనము వేరు.

1949 ఏప్రిల్ 7వ తేదీన న్యూయార్కులోని మెజెస్టిక్ థియేటరులో ఆ నాటకము ప్రారంభమైనది. బ్రాడ్వేలో వారమునకు ఎనిమిది ప్రదర్శనలు. ఆపెరాలో అట్టి పాత్రను ఒక వారమున రెండు మూడు మారులు పాడిననే కంఠము విశ్రాంతి కోరును. ఆ కారణము చేతనే పాత్ర నిడివిలో పాట భాగము కొలదిగా నుంచి, మిగిలినదంతయు మాటకు విడిచిరి. మాటలో ఆయన ఇటాలియన్ యాస దాగలేదు. దాచవలసిన అవసరమును లేకపోయినది. పరదేశి పాత్ర పరదేశి నోట సహజముగా పలికినది.

ఆ పరదేశి అను మాట దగ్గర నేను ఎప్పుడును ఒక క్షణము ఆగుదును. ఏడేండ్లకు ముందు, 1942 మార్చిలో, ఇదే పింజాను శత్రుదేశీయుడను అనుమానముతో అమెరికా ప్రభుత్వము నిర్బంధించి, ఎల్లిస్ ద్వీపమున దాదాపు మూడు మాసములు ఉంచినది. నేరము ఏదియు నిరూపితము కాలేదు, విడిచిపుచ్చిరి, మరల రంగస్థలమునకు వచ్చి పాడెను. అట్టివాడు ఇప్పుడు, ఒక ద్వీపమున నివసించు పరదేశిగా, అమెరికా సైన్యమునకు సాయపడుటకై ప్రాణములొడ్డి పోవు వానిగా, జాతిభేదములను దాటలేక తడబడు ఒక అమెరికను యువతి ప్రేమకై వేచియుండు వానిగా ప్రతి రాత్రియు నిలువవలసి వచ్చినది. ద్వీపమున ఒంటరిగా ఎదురుచూచుట ఎట్టిదో ఆయనకు ఎవరును నేర్పనక్కరలేకుండెను.

ఇంక భాష మాట. ఇటాలియను పదములు ప్రాయికముగా అచ్చుతో ముగియును. తెలుగును పాశ్చాత్యులు తూర్పు దేశపు ఇటాలియన్ అని పిలిచినది ఈ లక్షణమును బట్టియే. అజంత భాషలో పుట్టిన గాయకునకు పదాంతమున నాదము తనంతట తానే నిలిచి, తరువాతి పదమునకు వంతెన వేయును. ఇంగ్లీషు అట్లు కాదు. పదమును హల్లుతో మూయవలెను. మూసిన తలుపును మరల తెరచి తరువాతి పదములోనికి ప్రవేశింపవలెను. మన పిల్లలు పాఠశాలలో ఇంగ్లీషు పాట పాడినప్పుడు ప్రతి పదము చివరను ఒక చిన్న ఉకారము తగిలించుట నేను వినియున్నాను. కనుక పింజా ఎదుర్కొన్న చిక్కు నాకు పుస్తకములో చదివి తెలిసికొనవలసినది కాదు. ఆ నాటకపు రికార్డులో 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్' అను పాటను చెవియొగ్గి వినుడు. ఆయన ఏ పదమునకును తొందరపడడు. పరాయి భాషలో అడుగు తీసి అడుగు వేయు మనుష్యుని జాగ్రత్తయే అచ్చట ప్రేమించిన మనుష్యుని జాగ్రత్తగా మారినది. పాట చివరకు వచ్చునప్పుడు, గర్జించి ముగింపదగిన చోట, పై స్వరమును సన్నగా, దాదాపు గుసగుసవలె విడిచిపెట్టును. 'ఇట్లు పాడగలను చూడుడు' అని ఆ స్వరము చెప్పదు. ఎదుటనున్న ఒక్క స్త్రీతో మాత్రము ఏమో చెప్పుచున్నది. రెండవ అంకమున, ఆమె తనకు దక్కలేదని తలచి, మూడు మాత్రల వాల్ట్జ్ నడకలో ఆయన పాడు పాట ఒకటి కలదు. అచ్చట మాత్రము ఆ కంఠము పూర్తిగా తెరచుకొనును. అంతవరకు ఆపినది కనుకనే ఆ తెరచుకొనుటకు అర్థము కలిగినది.

గొప్ప కంఠము కలిగినవారెల్లరకు ఆపెరా నుండి నాటకమునకు ఇట్లు దాటుట సాధ్యపడినదని చెప్పజాలము. వాగ్నరు ఆపెరాలలో మహాఖ్యాతి గడించిన హెలెన్ ట్రాబెల్, 1955లో అదే రాడ్జర్స్, హామర్‌స్టైన్ల 'పైప్ డ్రీమ్'లో నటించెను గాని ఆ నాటకము నిలువలేదు. మరుసటి యేడు బారిటోన్ గాయకుడు రాబర్ట్ వీడ్, 'ది మోస్ట్ హాపీ ఫెలా'లో ద్రాక్షతోటల యజమానియైన టోనీ పాత్రమున చక్కగా రాణించెను. 1958లో 'సౌత్ పసిఫిక్' చలనచిత్రమైనప్పుడు ఎమీల్ పాత్రమును రొస్సానో బ్రాట్సీ నటించెను. పాటలు మాత్రము ఆపెరా గాయకుడు జార్జియో టోట్సీ కంఠమున వినబడును. అనగా ఆ పాత్రకు పింజా తెచ్చిన రెంటిని, రూపమును నాదమును, అక్కడ ఇద్దరు పంచుకొనవలసి వచ్చెను.

1950లో పింజాకు, ఎమీల్ పాత్రకు గాను, బ్రాడ్వే నాటకరంగపు టోనీ బహుమానము లభించినది. ఒప్పందము ప్రకారము ఆ యేడే నాటకమును విడిచినను, అది మొత్తము 1,925 ప్రదర్శనలు నడచినది. రెండు మూడు చిత్రములలో నటించి, 1954లో 'ఫానీ' అను మరియొక నాటకముతో అదే మెజెస్టిక్ థియేటరునకు తిరిగివచ్చి, 1957 మే 9వ తేదీన ఆయన కన్నుమూసెను.

శాస్త్రీయ వేదికను విడిచి నాటకమునకో, సినిమాకో పోవు గాయకుని చూచి 'దిగిపోయినాడు' అనుట మన సంగీత సభలలో నేను పలుమారులు విన్న మాట. ఆ మాట నాకు బాధ కలిగించును. బళ్ళారి రాఘవాచార్యులు వంటి మహానటుడు, పద్యమును రాగముతో సాగదీసి నాటకమును చంపవలదని ఎంతగానో చెప్పెను. సంగీతము తక్కువదని ఆయన భావించి యుండడు. పాత్ర నోట పుట్టని రాగము ఎంత మధురమైనను అది పాత్రది కాదని మాత్రమే ఆయన హృదయము. పింజా చేసినది దిగుట కాదని నా దృఢ విశ్వాసము. మూడువేల మందిని జయించిన కంఠము ఒక్క మనిషికి చేరువగా కూర్చుండి మాటాడుటకు, క్రొత్తగా, జీవితపు సాయంకాలమున, విద్యార్థియై మరల మొదటి పాఠము నేర్చుకొన్నది.

నేడు నా యొద్దకు పద్యము నేర్వవచ్చిన పిల్లలను నేను మొట్టమొదట పాడనీయను. ఎదుట ఒకరిని కూర్చుండబెట్టి, ఆ పద్యమును మాటగా చెప్పుమందును. విన్నవారికి అది అందినదని వారి ముఖము చూచి తెలిసికొన్న పిదపనే శ్రుతి ఇత్తును. ఇది పాటకు పెట్టు అడ్డంకియని మొదట వారు నొచ్చుకొందురు. మొన్న ఒక సాయంకాలము, పదునైదేండ్ల బాలిక రాయబార పద్యమొకటి పాడుచు, చివరి పాదమున, పై షడ్జమునకు పోవుటకు అన్ని విధముల సిద్ధముగా నున్నదై, పోక, మాటను నిలువుగా పలికి ఆగినది. ఆ కంఠమునకు ఆ స్వరము ఎంత సులువో నాకు తెలియును. అందరును ఆ పిల్ల వైపే చూచుచుండిరి. హార్మోనియము నా ఒడిలో నున్నది. తిత్తిలో గాలి నిండియే యున్నది. కాని నా వ్రేళ్ళు మెట్ల మీద కదలలేదు.