అలిపిరి మెట్ల మీద వంతపాట

అలిపిరి పాదాల మండపం నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. రోజూ వేలమంది ఎక్కుతారు. వాళ్లలో పాడుకుంటూ ఎక్కే భజన జట్లు కొద్ది. తెల్లవారుజామున తాళాల చప్పుడు వినబడగానే మిగతావాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తారు. కొందరు రెండు మలుపుల దాకా గొంతు కలుపుతారు. "ఎక్కడానికే ఊపిరి చాలదు, ఇంక పాటెక్కడ పాడతారు?" అని ఆశ్చర్యపోయేవాళ్లూ ఉంటారు. పద్ధతి తెలిసి పాడితే పాటే మనిషిని కొండెక్కిస్తుంది. భజన గురువుల దగ్గర తరతరాలుగా నలిగిన విద్య అది. దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా బాధ.

ఈ దారికీ పాటకూ చుట్టరికం పాతది. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు కొండకు పోవాలంటే నడవాలి, లేదా డోలీ ఎక్కాలి. తాళ్లపాక నుంచి ఎనిమిదేళ్ల అన్నమయ్య ఇల్లు విడిచి యాత్రికుల గుంపుతో వచ్చి ఎక్కింది ఈ కొండనే. మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలికి, అలసటకు సొమ్మసిల్లి పడుకున్నాడనీ, అలమేలుమంగ కలలో కనబడి ఇది సాలగ్రామాల కొండ, చెప్పులు విడిచి ఎక్కమందనీ, ప్రసాదం పెట్టిందనీ ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. అక్కడే ఆ పిల్లవాడి నోట అమ్మవారి మీద శతకం వెలువడిందంటాడు. 1408 నుంచి 1503 వరకు బతికిన ఆ మహావాగ్గేయకారుడి రచన కాళ్లు ఆడని చోట మొదలైందన్నమాట. మెట్లదారి పాటకు ఇంతకంటే మంచి పునాది కథ నాకు తెలియదు.

అలిపిరిలో సాష్టాంగపడిన మాలదాసరి శిల్పం ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన మాలదాసరి కథ చాలామందికి తెలిసిందే. కురుంగుడి స్వామికి పాట వినిపించడానికి పోతూ దారిలో బ్రహ్మరాక్షసుడి చేత చిక్కుతాడు. పాడి వచ్చి నీకు ఆహారమవుతానని మాటిచ్చి, పోయి పాడి, మాట తప్పకుండా తిరిగొస్తాడు. ఆ పాట ఫలం ధారపోస్తే రాక్షసుడికే విముక్తి కలుగుతుంది. దారిలో ఎంత అడ్డం వచ్చినా పాట మానకపోవడం, పాడిన ఫలం పక్కవాడికి పంచడం - మెట్లెక్కే భజన జట్ల నియమాలు ఈ రెండే.

ఇప్పుడు ఈ సంప్రదాయం పెద్దయెత్తున కనబడేది మెట్లోత్సవంలో. తిరుమల తిరుపతి దేవస్థానాల దాససాహిత్య ప్రాజెక్టు జరిపే త్రైమాసిక మెట్లోత్సవానికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు పల్లెల నుంచి భజన మండళ్లు వస్తాయి. తిరుపతి రైల్వేస్టేషన్ వెనక గోవిందరాజస్వామి మూడో సత్రంలో దిగి, భజనలు చేసి, తెల్లవారుజామున పాదాల మండపం దగ్గర మెట్లపూజ ముగించుకుని పాడుతూ కదులుతాయి. వ్యాసరాయలు, పురందరదాసు వంటి దాసవరేణ్యులు కీర్తిస్తూ ఎక్కిన కొండ అన్న భావన ఆ ఉత్సవానికి మూలం. అన్నమయ్య వర్ధంతికి కూడా పాదాల మండపం దగ్గరే సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం జరిగి, మెట్లోత్సవం సాగుతుంది.

ఇక పద్ధతి. మొదటిది పాటల వరుస. ఈ దారి అంతా ఒకే తీరుగా ఉండదు. పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా రెండు వేలకు పైగా మెట్లు, చాలావరకు నిటారే. గాలిగోపురం దాటాక నేల చదునవుతుంది. జింకల పార్కు, ఏడోమైలు ఆంజనేయుడు, కొంత దూరం రోడ్డు పక్క నడక. చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిలువెక్కుడు. రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే చోటది. తెలిసిన గురువు ఈ నేలను చూసి పాటలు పేరుస్తాడు. గాలిగోపురం దాకా చిన్న చిన్న నామావళులు. చదును మీద అన్నమయ్య కీర్తనలు, దాసుల పదాలు, చరణాలన్నీ తీరికగా. మోకాళ్ల పర్వతం దగ్గర కీర్తన ఎత్తుకోరు. గోవింద నామం ఒక్కటే. కొత్తగా పెట్టిన మండళ్లు ఉత్సాహం కొద్దీ పెద్ద కీర్తనలు మొదట్లోనే పాడేసి, గాలిగోపురం చేరేసరికి గొంతు పోగొట్టుకుంటాయి.

రెండోది వంత. ముందుపాట వాళ్లు ఒక పాదం పాడతారు, వెనకపాట వాళ్లు అందుకుంటారు. కూర్చుని చేసే భజనలో ఇది అలవాటు, మెట్ల మీద అవసరం. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు గుక్క తిప్పుకుంటారు. ప్రతివాడికీ సగం కాలం విశ్రాంతి దొరుకుతుంది, పాట మాత్రం ఎక్కడా తెగదు. వ్యాయామం మోస్తరుగా ఉంటే మాట్లాడగలుగుతాం గానీ పాడలేం అన్నది వైద్యులు చెప్పే సులువైన కొలత. భజన గురువు ఆ కొలతను చెవితో వాడతాడు. వంత పలచబడింది, మాటల చివర్లు మింగుతున్నారు అనిపించగానే వెనక్కి తిరిగి చూడకుండానే కాలం తగ్గిస్తాడు. ఇంకా పలచబడితే మండపం చూసి జట్టును నిలబెడతాడు. ఎవరూ "నాకు ఆయాసంగా ఉంది" అని నోరు తెరిచి చెప్పాల్సిన పని ఉండదు.

మూడోది తాళం. ఎడమచేతి తాళాన్ని వెల్లకిలా కదలకుండా పట్టుకుని, కుడిచేతి తాళం అంచుతో తాకి వెంటనే ఎత్తేస్తే నాదం సాగుతుంది. రెండూ అదిమితే దెబ్బ మూసుకుంటుంది. మెట్ల మీద తాళం చుట్టు (ఆవర్తం) మొదలయ్యే సమం దగ్గర మాత్రమే తెరిచిన దెబ్బ వేసి, మిగిలినవన్నీ మూసి కొడతారు. చెయ్యి అలవదు, సమం ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. జట్టు పొడుగ్గా సాగితే వెనకవాళ్ల చెవికి తాళం ఒక పిసరు ఆలస్యంగా చేరుతుంది. అందుకే డోలక్ మనిషిని ముందు నడిపించరు, నడుమ ఉంచుతారు.

తాళానికీ కాలికీ ఉన్న లెక్క ఇంకా సూక్ష్మం. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు. రెండు అక్షరాలకు ఒక అడుగు వేస్తే ఆవర్తానికి నాలుగు మెట్లు. నాలుగు సరిసంఖ్య కాబట్టి సమం ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. సమం దగ్గర మనిషి తెలియకుండానే కొంచెం గట్టిగా అడుగేస్తాడు. వందల మెట్లు అలా ఎక్కితే ఆ కాలు ముందుగా పట్టేస్తుంది. మూడక్షరాల గోవింద నామానికి మూడు అడుగులు వేస్తే సమం ఒకసారి కుడికాలికి, మరుసటిసారి ఎడమకాలికి మారుతూ పోతుంది. బరువు రెండు కాళ్లూ పంచుకుంటాయి. అన్నింటికంటే కష్టమైన చోట గోవింద నామం పెట్టడంలో భక్తితో పాటు ఈ తెలివీ ఉంది.

శ్రుతి సంగతి క్లుప్తంగా. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసిన జట్టులో ఎవరి గొంతుకూ పూర్తిగా నప్పని నడిమి శ్రుతి ఒకటి ఎంచుకోవాలి. హుషారులో గొంతులు పైకి జారతాయి కాబట్టి అర కట్టె తగ్గించి మొదలుపెట్టడం మేలు. హార్మోనియం మెడకు తగిలించుకుని నిటారు మెట్లెక్కడం అందరి వల్లా కాదు. చిన్న శ్రుతిపెట్టె చాలు, ఇప్పుడు ఫోనులోనూ తంబూరా దొరుకుతోంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా నాయన మా ఊరి భజన మండలిలో ముందుపాట పాడేవాడు. జట్టుతో అలిపిరి ఎక్కాలని నిశ్చయించుకుని, పాటల వరుస రాసుకుంటున్న రోజుల్లో ఆయన పోయాడు. ఏటి సూతకం. సంవత్సరీకం అయ్యేదాకా మా వైపు కొండ ఎక్కరు. నేను తాళాలు మూట కట్టి అటక మీద పెట్టేస్తే, ఇంటికొచ్చిన భజన గురువు అవి దింపించాడు. "కొండెక్కకూడదు గానీ పాడకూడదని యెవురన్న్యారు పాపా? మీ నాయన పాటలు నీ గొంతులో పడాల గదా. ఈ యేడంతా దానికే అనుకో" అన్నాడు. నాయన చేతిరాత పుస్తకం ముందేసుకుని, ఆయన చరణాల పక్కన పెట్టిన గీతలు ఏమిటో అడిగాను. అవి గుక్క తిప్పుకునే చోట్లు. ఏ మాట తర్వాత ఊపిరి పీలిస్తే అర్థం విరగదో చూసి పెట్టిన గుర్తులు. అవే లేకపోతే నాకు వంత అంటే వట్టి ఎత్తుకోవడంగానే మిగిలిపోయేది.

సూతకం తీరాక బండి మీద నుంచి పడి కుడి మోకాలు చెడింది. ఆ నొప్పి తగ్గేదాకా కూర్చునే పాడాను. డాక్టరు సరేనన్నాక ఊరి గుట్ట మీది గుడి మెట్లే మా సాధన. గురువు నన్ను ఎడమకాలితో మొదలుపెట్టించాడు, ఆదితాళంలో సమం మంచికాలి మీద పడేటట్టు. దిగేటప్పుడు పాట వద్దన్నాడు. దిగుడులో మోకాలి మీద భారం ఎక్కువ, కళ్లు మెట్టు మీదే ఉండాలి. మూటలో ఏమేం ఉండాలో కూడా ఆయనే చెప్పాడు: ఉప్పు వేసిన నిమ్మరసం, చెనక్కాయల ఉండలు, గొంతుకు కలకండ, మిరియాలు. పెరుగన్నం కొండ మీద తినాలి గానీ మధ్యలో కడుపు నింపుకుంటే గుక్క నిలవదు.

చివరికి జట్టుతో అలిపిరి ఎక్కినప్పుడు అందరికంటే నెమ్మదైన కాలు నాదే. తలయేరు గుండు దగ్గర ఆచారం ప్రకారం మోకాళ్లు బండకు ఆనించి మొక్కుకున్నాను. ఆ రోజు జట్టు నడక నా నడకే. నాకోసం ఎవరూ ఆగినట్టు నాకు అనిపించలేదు, ఎందుకంటే తాళమే నా అడుగుకు సరిపడా ఉంది. ఈ సంప్రదాయం విలువ ఏమిటని అడిగితే నేను చెప్పేది ఇదే. బలహీనుడి ఊపిరిని బట్టి కాలం కట్టుకునే సంగీతం ఇది. కచేరీలో అందరికంటే సమర్థుడు కాలం నిర్ణయిస్తాడు, మెట్ల మీద అందరికంటే అలిసినవాడు నిర్ణయిస్తాడు. దానివల్ల పాట నాణెం తగ్గదు. మాట స్పష్టంగా పలుకుతుంది, అర్థం ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది.

మహారాష్ట్రలో ఆళంది నుంచి పండరిపురానికి వారకరీ భక్తులు సుమారు మూడు వారాలు దిండీలనే జట్లుగా పాడుతూ నడిచేదీ ఇలాంటి కట్టుబాటుతోనే. వీణ పట్టినవారు, తాళాలు, మృదంగం, అభంగాలు. రాయలసీమలో ఇప్పటికీ ఆడే పండరి భజన పేరులోనే ఆ బంధుత్వం ఉంది. జట్టుగా పోవడంలో మరో లాభమూ ఉంది. అలిపిరి దారి శేషాచలం అడవిలోది. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుత ఒక చిన్నపాపను పొట్టనబెట్టుకున్న తర్వాత గుంపులుగా వెళ్లమనీ, పిల్లలను ఒంటరిగా వదలొద్దనీ దేవస్థానం చెబుతోంది. చప్పుడు చేస్తూ, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నడవడం భజన జట్టుకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

మెట్ల మీద ఇప్పుడు స్పీకర్లలో పాటలు మోగుతున్నాయి. గొప్ప గాయకులు పాడినవే, వినడానికి బాగానే ఉంటాయి. కానీ స్పీకరుకు మన ఆయాసం వినబడదు. మనం ఆగినా అది ఆగదు. పక్కమనిషి గొంతు మాత్రమే మనకోసం నెమ్మదిస్తుంది. అందుకని నా మనవి ఒకటి. కొండకు మొక్కుకున్నవాళ్లు ముందుగా మీ ఊరి రామమందిరంలో శనివారం భజనకు వెళ్లండి. ధనుర్మాసంలో అయితే తెల్లవారుజాము నగర సంకీర్తన వెంట వీధులు తిరగండి. నడుస్తూ పాడడానికి అంతకంటే మంచి బడి లేదు. పాట రాదని వెనకాడొద్దు. వంత పాడేవాడికి పాట ముందుగా రానక్కర్లేదు, విని తిరిగి అంటే చాలు. పెద్దవాళ్ల చేతిరాత పుస్తకాలు ఇంట్లో ఉంటే తీసి, పక్కన పెట్టిన గుర్తులకు అర్థం వాళ్లుండగానే అడిగి రాసుకోండి. పాటలు అచ్చులో దొరుకుతాయి. ఎక్కడ గుక్క తిప్పుకోవాలో, ఎవరికోసం కాలం తగ్గించాలో అచ్చులో దొరకదు. అది పాడినవాళ్ల దగ్గర నేర్చుకుని, పాడబోయేవాళ్లకు అప్పగించాల్సిన విద్య.