పెరటి చెట్టు – కత్తెర : ఒక గ్రంథ విమర్శ

పెరటిలో జామయో, మామిడియో పెంచు గృహస్థులును, బడితోట పెంచు ఉపాధ్యాయులును ఇటీవల తరచుగా పేర్కొను గ్రంథము 'గడ్డిపరకతో విప్లవం'. జపాను దేశీయుడగు మసనోబు ఫుకువోకా రచించిన మూలము 1975లో వెలువడినది. 1978లో ఇంగ్లీషు అనువాదమును, తరువాత తెలుగు అనువాదమును వచ్చినవి. గ్రంథకర్త వృక్షవ్యాధి శాస్త్రము నభ్యసించి, యొకొహామా సుంకపు కార్యాలయములో మొక్కలను పరీక్షించు ఉద్యోగము చేసినవాడు. ఆ ఉద్యోగము విడిచి, షికోకు ద్వీపములోని స్వగ్రామమున వరియు, నారింజయు పండించెను. 1988లో ఆయనకు రామన్ మెగసెసే బహుమానము లభించినది. అట్టివాని మాటను శ్రద్ధతో పరిశీలింపవలెను.

నేల దున్నవద్దు, రసాయనపు ఎరువులు వేయవద్దు, మందులపై ఆధారపడవద్దు అనునవి ఆయన ముఖ్య సూత్రములు. పండ్ల చెట్ల విషయమున మరియొకటి కలదు: సహజరూపములో పెరిగిన చెట్టునకు కత్తిరింపు అక్కరలేదు. మన పాఠకులు పట్టుకొన్నది ఈ ఒక్క మాటనే.

గ్రంథములో మిక్కిలి విలువైన భాగము గ్రంథకర్త చెప్పుకొన్న వైఫల్యము. తండ్రి అప్పగించిన నారింజ తోటను, అదివరకు కత్తెరకు అలవాటుపడినదానిని, ఆయన ఒక్కసారిగా వదలివేసెను. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, పురుగు పట్టి, చెట్లు చచ్చినవి. వదలివేయుట వేరు, ప్రకృతి ననుసరించుట వేరు అని ఆయన నేర్చుకొన్నది అప్పుడే.

ఇట్లేల జరిగినది? కొమ్మ చివరి మొగ్గలో తయారగు ఆక్సిన్ అను పదార్థము క్రిందికి దిగి, ఆకుల మొదళ్ళలోని మొగ్గలను పెరుగనీయదు. చివర కత్తిరించినచో ఆ నిరోధము తొలగి, పెక్కు మొగ్గలు ఒకేసారి చిగురించును. కొమ్మల వరుస చెడును. అందుచేత ఒకసారి కత్తెర తగిలిన చెట్టునకు మరల మరల కత్తెర కావలసివచ్చును. ఫుకువోకా చూచినది సత్యమే. కాని ఆ కారణమును విద్యార్థికి విప్పిచెప్పక, శాస్త్రమును తూలనాడుటకే ఆయన పుటలు వెచ్చించుట విచారకరము. ఆయన పని యంతయు పరిశీలనయే. పరిశీలనయే కదా శాస్త్రము!

రెండవ లోపము ఇంతకన్న పెద్దది. నారింజ తోటలో తేలిన విషయము అన్ని చెట్లకు చెల్లదు. జామ క్రొత్త చిగుళ్ళపై పూచును. కాబట్టి దాని కొమ్మల చివరలు తుంచుట లాభము. మామిడి ముదిరిన రెమ్మల చివర పూచును. చలికాలమునకు ముందు ఆ చివరలు నరికినచో పూతనే నరికినట్లు. కత్తిరింపవలెనా, మానవలెనా అని అడుగుటకు ముందు, పూత ఎక్కడ వచ్చునో అడుగవలెను.

మరియు మన పెరటి చెట్లలో పెక్కు అంటుమొక్కలు. అంటునకు సహజరూప మెక్కడిది? ఈ పుస్తకము చదివిన ఉత్సాహములో నేను మా పెరటి సపోటా అంటును మూడేండ్లు ముట్టలేదు. సపోటాను పాల మొక్కపై అంటుకట్టుదురు. అంటు క్రింద నుండి పాల చిగుళ్ళు లేచి, సపోటా కొమ్మను మించిపోయినవి. వానిని తొలగించు నాటికి సపోటా ఎండిపోయినది. తప్పు పుస్తకముది కాదు, నాది. కాని పుస్తకములో ఈ హెచ్చరిక నాకు కనబడలేదు.

నేలను గూర్చిన అధ్యాయములు మాత్రము తప్పక చదువదగినవి. చెట్ల నడుమ క్లోవరును, ముల్లంగిని పెంచి, ఆయన బిగిసిన నేలను గుల్లపరచెను. క్లోవరు వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్క కందించును. మనకు ఆ పని జనుము, పిల్లిపెసర, అలసంద చేయగలవు. అయితే షికోకులోని మత్సుయామా నగరమున ఏటి వర్షపాతము 1,300 మిల్లీమీటర్లకు మించును. అనంతపురములో సుమారు 550 మాత్రమే. వేసవిలో ఈ పైర్లు లేత చెట్టుతో నీటికై పోటీపడును. కనుక వర్షాకాలమున పెంచి, పూతకు రాగానే కోసి, పాదులో కప్పుగా పరచుట మేలు.

ఈ గ్రంథము ప్రతి పాఠశాల గ్రంథాలయములో ఉండదగినది. దానితోపాటు ఒక చిన్న ప్రయోగమును చేయింపవలెను. ఒకే జామచెట్టుపై పది కొమ్మల చివరలు తుంచి, పదింటిని విడిచి, గుర్తులు కట్టి, రెండింటి పూవులను లెక్కింపుడు. గ్రంథకర్తతో అంగీకరించుటయో, విభేదించుటయో ఆ లెక్క చూచిన పిమ్మట విద్యార్థులే నిర్ణయించుకొందురు.