చేర్యాల బొమ్మ: పొగడ్తలోని పొరపాటు

వరంగల్లు ప్రాంతపు చేతిబొమ్మలను గూర్చి వ్రాయువారు సాధారణముగా ఒకే తీర్పు చెప్పుదురు. ఫ్యాక్టరీ బొమ్మ రసాయనము, కావున హానికరము. చేర్యాల నకాషీ బొమ్మ ప్రకృతిసిద్ధము, కావున నిరపాయము. (చేర్యాల 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనిది, నేడు సిద్దిపేట జిల్లాలో నున్నది.) ఈ తీర్పు వినుటకు ఇంపుగానున్నను శాస్త్రమునకు నిలువదు.

ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గుళికలను సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగించి, ఉక్కు అచ్చులోనికి గట్టి ఒత్తిడితో ఎక్కింతురు. చల్లారగానే బొమ్మ వెలువడును. చేర్యాలలో రంపపు పొట్టును చింతగింజల జిగురుతో ముద్దచేసి రూపము దిద్దుదురు. మాస్కులకైనచో కొబ్బరిచిప్పపై అద్దుదురు. ఈ జిగురును పాఠశాలలోనే చేసి చూడవచ్చును. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీటిలో ఉడికించిన చాలును. గింజలోని పాలిసాకరైడు నీటిని పీల్చి చిక్కబడును. ఈ పిండినే మిల్లులలో పడుగునకు గంజిగా వాడుదురు. అనగా చేతిబొమ్మలోను రసాయనశాస్త్రమే పనిచేయుచున్నది. దాని లోపమును అందే గలదు: తడి తగిలిన ముద్ద మెత్తబడును.

అసలు చిక్కు రంగులలో నున్నది. దీపపు మసి, నీలిమందు ప్రకృతిసిద్ధములే. సంప్రదాయ చిత్రకారులు ఎరుపునకు వాడిన ఇంగిలీకమును ప్రకృతిసిద్ధమే; కాని అది పాదరసము, గంధకము కలిసిన ఖనిజము. పసుపుపచ్చని హరిదళములో ఆర్సెనిక్ ఉన్నది. పూర్వము ఇది పెద్ద ప్రశ్న కాలేదు. మందహెచ్చులవారు కాటమరాజు కథ చెప్పునపుడు ప్రదర్శించు బొమ్మలను పసిపిల్లలు నోట పెట్టుకొనలేదు గదా! నేడు బొమ్మ ఇంటిలోనికి వచ్చినది. నేడు చాలమంది కళాకారులు బజారు రంగులనే వాడుచున్నారు. అపుడు ఆ రంగు డబ్బాలో ఏమున్నదో తెలియవలెను.

విషపదార్థము ఉన్నదా అనుటతో విచారణ ముగియదు. అది కడుపులో కరగునా అనునది ముఖ్యము. అందుచేతనే భారత ప్రమాణము ఐ.ఎస్. 9873 మూడవ భాగములో పూతను గీకి, శరీరపు వేడిగల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో నుంచి, ఎనిమిది మూలకములు ఎంత కరగినవో కొలుతురు. సీసము కిలోగ్రాము పూతకు 90 మిల్లీగ్రాములు, పాదరసము 60, ఆర్సెనిక్ 25 మించరాదు. ఇంగిలీకము ఆమ్లములో సులభముగా కరగదు. కనుక దానినిగూర్చి తొందరపడి భయపెట్టుటయు తగదు.

2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరియైనది. కాని 2020 డిసెంబరు సవరణ, హస్తకళల అభివృద్ధి కమిషనరువద్ద నమోదైన కళాకారులు చేసి అమ్ము బొమ్మలను ఈ నిబంధననుండి మినహాయించినది. ఖర్చు భరింపలేని కుటుంబములకు ఇది న్యాయమే. ఐతే మినహాయింపు అనగా పరీక్షలో నెగ్గుట కాదు. పొగడువారు ఈ భేదమును దాటవేయుచున్నారు.

బొమ్మగా చూచిన, చేర్యాలదే పైచేయి. ఒకే అచ్చునుండి వచ్చిన వేయి ఏనుగులకు ఒకే చూపు. కుంచెతో దిద్దిన ఏ రెండు ముఖములును ఒకటి కావు. తరగతిలో చూపుటకు దీనిని కొను ఉపాధ్యాయుడు ఏ రంగు వేసిరని అమ్మినవారిని అడుగవచ్చును. నోట పెట్టుకొను ఈడు పిల్లలకు మాత్రము, ఆ రంగు పరీక్షింపబడువరకు, ముద్రగల ప్లాస్టిక్ ఏనుగునే ఇచ్చుట మేలు.