తప్పు ఏ బ్రాంచీది?

చెరుకు గానుగ దగ్గర ఇద్దరుంటారు. ఒకరు ఎడ్లను తోలితే, ఇంకొకరు గడలు అందిస్తారు. గడలు అందించే మనిషి చూపు ఎడ్ల నడక మీదే ఉంటుంది. అడుగు బరువెక్కితే చేతిలోని గడ క్షణం ఆగుతుంది, నడక తేలికపడగానే మళ్లీ లోపలికి పోతుంది. చూడటం, తేల్చుకోవడం, చేయి కదపడం. ఈ మూడు పనులనూ యంత్రానికి అప్పజెప్పే చదువే మెకట్రానిక్స్.

ఈ మాట జపాన్‌లో పుట్టింది. యస్కావా ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు టెట్సురో మోరి 1969లో మెకానిజం, ఎలక్ట్రానిక్స్ అనే రెండు మాటలను కలిపి దీన్ని తయారుచేశారు. కంపెనీ దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుని, 1982లో హక్కు వదులుకుంది. హైదరాబాద్‌లో గండిపేటలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ దీన్ని బీటెక్ కోర్సుగా పెట్టింది. 1968లో బాలానగర్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పీజీ స్థాయిలో చెబుతారు. ఎక్కడ చదివినా అసలు పాఠం జరిగేది నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరినప్పుడే.

నిజామాబాద్ పిల్లలకు ఈ చదువు ఎలాంటిదో చెప్పాలంటే జపాన్ దాకా పోనక్కర్లేదు. పాతిక కిలోమీటర్ల దూరంలోనే బోధన్ ఉంది. అక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదన్న పేరుండేది. దాని పొలాలకు మంజీర మీది నిజాంసాగర్ నీళ్లు పారేవి. 2015 డిసెంబర్‌లో మిల్లు మూతపడింది.

చక్కెర మిల్లులో గానుగ సూత్రమే పెద్దదై కనిపిస్తుంది. ముక్కలైన చెరుకు క్యారియర్ మీద వచ్చి, నిటారుగా ఉన్న చ్యూట్‌లో పడి, రోలర్ల మధ్యకు దిగుతుంది. చ్యూట్ నిండిపోతే క్యారియర్ నెమ్మదించాలి. ఖాళీ అయితే రోలర్లు ఉత్తగా తిరుగుతాయి, రసం తగ్గుతుంది, పిప్పి తడిగా పోతుంది. పాకం కాచే దగ్గర ప్యాన్‌మన్ కాస్త పాకం బయటికి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి తీగ చూస్తాడు. గాజుపలక మీద పూసి, వెలుతురుకు పెట్టి గింజ కట్టిందో లేదో చూస్తాడు. ఆ వేళ్ల పని సెన్సార్‌కు నేర్పాలంటే ముందు ఆ వేళ్లు ఏం కొలుస్తున్నాయో తెలియాలి.

ఒక విద్యార్థి బృందం ఆ చ్యూట్‌నే బల్ల మీద నమూనాగా కడుతోందనుకుందాం. చిన్న బెల్టు, దాన్ని తిప్పే మోటారు, బరువు తూచే లోడ్‌సెల్‌కు వేలాడదీసిన చ్యూట్, అన్నిటినీ నడిపే మైక్రోకంట్రోలర్. ఫ్రేమ్ ఒకరిది, వైరింగ్ ఒకరిది, కోడ్ ఇంకొకరిది. విడివిడిగా అన్నీ పనిచేస్తాయి. కలిపి స్విచ్ వేస్తే మోటారు తిరిగినప్పుడల్లా బరువు అంకె గంతులేస్తుంది. ఫ్రేమ్ కట్టిన అమ్మాయి సెన్సార్ పాడైందంటుంది. వైరింగ్ చేసిన అబ్బాయి ఫ్రేమ్ అదురుతోందంటాడు. కోడ్ రాసినవాడు ఫిల్టర్ పెడితే సరిపోతుందంటాడు.

వాదనతో తెగేది కాదు. మోటారును ఫ్రేమ్ నుంచి విప్పి, వైర్లు అలాగే ఉంచి, దూరంగా పెట్టి తిప్పాలి. అదురు లేకపోయినా అంకె ఎగిరిందంటే తప్పు కరెంటులో ఉంది. మోటారు స్టార్ట్ అయినప్పుడు ఎక్కువ కరెంటు లాగడంతో సెన్సార్‌కు అందే వోల్టేజీ పడిపోతోంది. మోటారుకు వేరే సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలిపితే అంకె నిలబడుతుంది.

అప్పుడు రెండో తప్పు బయటపడుతుంది. బెల్టు ఆగుతుంది, ఉరుకుతుంది, మళ్లీ ఆగుతుంది. కోడ్ చ్యూట్‌ను మాత్రమే చూస్తోంది. బెల్టు మీద అప్పటికే బయల్దేరిన ముక్కలు దానికి కనపడవు. అవి వచ్చి పడేసరికి చ్యూట్ పొంగుతుంది. కోడ్‌లో స్పందన తగ్గిస్తే కొంత కుదురుతుంది. కానీ బెల్టు పొడవు సగానికి తగ్గిస్తే ఆలస్యమే సగమవుతుంది. కోడ్‌లో కనిపించిన రోగానికి మందు రంపంలో దొరుకుతుంది.

ఈ పనికి పద్ధతులున్నాయి. జర్మన్ ఇంజినీర్ల సంఘం 2004లో తెచ్చిన వీడీఐ 2206 మార్గదర్శకం ‘వీ’ అక్షరం ఆకారంలో దారి చూపింది. ఎడమ గీత వెంట మొత్తం యంత్రాన్ని భాగాలుగా విడగొడుతూ దిగాలి, కుడి గీత వెంట ఒక్కో భాగాన్నీ పరీక్షించి కలుపుతూ ఎక్కాలి. ఏ వైరు ఏ పిన్నుకో, ఏ బోల్టు ఎంత సైజో ముందే కాగితం మీద ఒప్పుకోవాలి. ఒకసారి ఒక్కటే మార్చి ఫలితం లాగ్‌బుక్‌లో రాయాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 సిలబస్‌లోనూ రెండో ఏడాది నుంచే ప్రాజెక్టులు ఉన్నాయి.

మోసానికీ ఇందులో చోటుంది. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు హైదరాబాద్‌లో కొత్త కాదు. నలుగురి పని ఒక్కడే చేసి, మిగతా ముగ్గురూ పేర్లు రాయించుకునే బృందాలకూ కొదవలేదు. అందుకే వైవాలో గట్టి ఎగ్జామినర్ ప్రశ్నలు తారుమారు చేస్తాడు. కోడ్ రాసినవాడిని పిలిచి బెల్టు ఎందుకు కోశారని అడుగుతాడు. ఫ్రేమ్ కట్టిన అమ్మాయికి రెండో సప్లై చూపించి, గ్రౌండ్‌లను కలిపే ఆ ఒక్క నల్ల వైరు తీసేస్తే ఏమవుతుందంటాడు. ఆమె మాటతో ఆగకుండా వైరు పీకి, స్క్రీన్ వైపు చూపిస్తుంది.