దింపుడు కళ్ళానికి ముందే

పెద్ద డాక్టరు ఫైలు మూసి "ఇంక ఇంటికి తీసుకెళ్ళండి" అన్న రోజు, బంధువులందరికీ ఫోన్లు చేసి నేనూ అదే మాట చెప్పాను: చేతులెత్తేశారు. సిస్టరమ్మా, మర్నాడు సాయంత్రం నీ చేతులు చూశాను. మోచేతుల దాకా తడిసి, నాన్న వీపు కింద ఉన్నాయి. ఈ నాలుగు మాటలూ ఆ చేతులకే.

ఇంటికి తీసుకెళ్ళమన్నారు సరే, ఏ ఇంటికి? రెండో అంతస్తులో మాది అద్దె వాటా. ఓనరు మంచివాడే. "తిథీ నక్షత్రం అంటూ ఉంటాయి కదండీ" అని మాత్రం నసిగాడు. ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే నెలల తరబడి ఇల్లు మూసుకోవాలని ఆయన భయం. హైదరాబాదులో బతకడానికి ఎక్కడో ఒక చోట ఇంత గది దొరుకుతుంది. పోవడానికే దొరకదు. అలా చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే నీ హాస్పిస్ వాకిట్లోకి వచ్చాం.

ఫైల్లో నాన్న పేరు ఇంటిపేరుతో సహా బారెడు పొడుగుంది. నువ్వు అది చూడలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, "ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అనడిగావు. చాలాసేపటికి "అబ్బులు" అన్నారు నాన్న. ఆ పేరు పిలిచే నాయనమ్మ పోయి నలభై ఏళ్ళు. "అబ్బులు గారూ, ఈ పక్కకి తిరుగుదామా?" అని నువ్వు అంటే, ఒళ్ళంతా నొప్పైన మనిషి చంటిపిల్లాడిలా ఒత్తిగిల్లాడు.

ఆ మంచం పక్కన కిటికీ ఉంది. కిటికీకో కథ ఉంది. 1948లో లండన్ ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అనే మనిషి క్యాన్సరుతో పోతున్నాడు. పోలండు నుంచి వచ్చిన యూదుడు, నా అన్నవాళ్ళు లేనివాడు. పక్కన కూర్చుని మాట్లాడే సిసిలీ సాండర్స్‌కి 500 పౌండ్లు వదిలి, ఎప్పటికైనా నువ్వు కట్టే ఇంట్లో ఒక కిటికీగా ఉంటానన్నాడు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. నర్సు పని చేస్తూ నడుము దెబ్బతిని మానుకున్న మనిషి. మళ్ళీ పుస్తకాలు పట్టి 1957లో డాక్టరైంది, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ముందు కిటికీ, తర్వాత ఇల్లు! నొప్పి ఒంటికి మాత్రమే ఉండదని చెప్పిందావిడ. మనసుకీ ఉంటుంది, ఇంటికీ ఉంటుంది, దేవుడితో తెగని తగవుకీ ఉంటుంది. ఆ వెలుగు 1986లో ముంబై బాంద్రాలో శాంతి అవేదన సదన్‌గా, 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మన దేశంలో పడింది. మన రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనూ ఇవాళ నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది.

నాలుగు గంటలకోసారి నీ చేతిలో మార్ఫిన్ మాత్ర. నొప్పి వచ్చి తలుపు కొట్టకముందే వేయాలంటావు. పడుకోబోయే ముందు రెట్టింపు, నడిరాత్రి లేపకుండా. దానితోపాటే విరేచనానికి మందు, ఎన్నడూ మరవలేదు. గసగసాల చేలు మన దేశంలోనే ఉన్నాయి, నొప్పీ మనదే. 1985 నాటి మత్తుమందుల చట్టానికి జడిసి ఆ మాత్ర మాత్రం చాలా ఆసుపత్రుల గడప తొక్కలేదు. 2014లో సవరించేదాకా ఎన్ని లైసెన్సులో, ఎన్ని సంతకాలో! మధ్యలో ఎందరు అరిచి అరిచి పోయారో ఏ రిజిస్టరూ రాసుకోలేదు.

ఆడవాళ్ళ వార్డులో శ్రీకాకుళం ముసలమ్మ. జీవితమంతా నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగింది. పుండు చెంప దాటి బయటికొచ్చింది. వాసనకి మనవడు గుమ్మం దగ్గరే నిలబడేవాడు. నువ్వు మెట్రోనిడజోల్ మాత్రలు పొడి కొట్టి, విభూతి అద్దినంత నెమ్మదిగా ఆ పుండు మీద చల్లావు. కొన్నాళ్ళకి మనవడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వైద్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే గుమ్మానికీ మంచానికీ మధ్య ఉన్న ఆ పది అడుగులు చూపిస్తాను.

మోచేతి మీద ఒంపుకుని నీళ్ళ వేడి చూసుకునే నీ అలవాటుకి దండం. రెండు గంటలకోసారి పక్క మార్చే నీ ఓపికకి దండం. ఎండిన పెదాల మీద తడిగుడ్డకి, దుప్పటి మడతని అరచేత్తో సవరించే పనికి దండం. మలమూత్రాలెత్తుతూ ముక్కు చిట్లించని నీ ముఖానికి, ఆ సమయంలో నాన్న కళ్ళలోకి కాకుండా కిటికీలోకి చూసిన నీ మర్యాదకి వెయ్యి దండాలు.

"ఏమీ తినడం లేదు, నీరసంతో పోతాడు" అని అమ్మ ఏడ్చేది. ఆకలి ముందే వెళ్ళిపోయిందనీ, బలవంతాన పెడితే పొలమారుతుందనీ నువ్వు చెప్పావు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారనుకునే అమ్మకి ఆ మాట ఎక్కడానికి రెండ్రోజులు పట్టింది. తులసి తీర్థం వద్దనలేదు నువ్వు. గ్లాసు పక్కన పెట్టించి, దూది తడిపి అమ్మ చేతికిచ్చి పెదాలకి అద్దించావు. అవతలి మంచానికి జంజం నీళ్ళూ అదే కొలతలో.

పుణ్యం చేసుకున్నావు తల్లీ అంటే పకపకా నవ్వావు. "మా అత్త నన్ను తల మీద నీళ్ళు పోసుకున్నాకే గడప తొక్కనిస్తది సార్!" చావు అంటే మనకి మైల. చచ్చేవాణ్ణి కడిగిన చేతులకీ అదే మైల అంటించాం.

చివరి రాత్రి నాన్న ఊపిరి ఆగేది. నేను ఇరవై లెక్కపెట్టేసరికి మళ్ళీ అందుకునేది. గొంతులో గురగుర. నువ్వు ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టి, "చెవులు ఆఖరిదాకా వింటయ్ అంటారు. ఇప్పుడే మాట్లాడండి సార్" అని లైటు తగ్గించి వెళ్ళిపోయావు. ఏం మాట్లాడను? నాన్నతో పదేళ్ళుగా కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడలేదు. మొదట అదే చెప్పాను, బిల్లు కట్టేశానని. తర్వాత మిగతావన్నీ వచ్చాయి. తెల్లవారేదాకా వచ్చాయి.

శ్మశానం దారిలో పాడె దించారు. దింపుడు కళ్ళం. చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. లేస్తాడేమోనని తరతరాలుగా మిగిల్చుకున్న ఆశ అది. వంగి "నాన్నా" అన్నాను. మూడోసారికి గొంతు పూడలేదు. ఆ చెవిలో చెప్పవలసింది అప్పటికే చెప్పేసి ఉన్నాను.

కర్మకాండ అయ్యాక, మిగిలిన డైపర్ల ప్యాకెట్టు ఇచ్చిపోదామని వచ్చాను. నాన్న మంచం మీద కొత్త దుప్పటి, కొత్త మనిషి. కాళ్ళ దగ్గర ఓ కూతురు, చంకలో ఎక్స్‌రే కవరు. నువ్వు నన్ను చూడలేదు. ఆయన చెవి మీదికి వంగి ఉన్నావు.

"ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"