గొంతు పొంగిన పావురము

గత ఆదివారము 1969 నాటి ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ చిత్రమును ఇంట చూచుచుండగా, ముప్పదియేండ్లుగా ఆయిలింజన్లు బాగుచేయు మా పొరుగాయన తెరవంక కన్నార్పక చూచి, “రెండు పక్షాల విమానాలకూ పొగగొట్టాలు ఒక్కచోటే ఉన్నాయేమిటండీ? ఇంజను ఒకటేనా?” అనెను.

ఒకటే. దర్శకుడు గై హామిల్టనుకు నిజమైన విమానములే కావలసివచ్చెను. జర్మనుల మెస్సర్‌ష్మిట్ నమూనాపై అనుమతి గొని స్పెయిన్ దేశమువారు నిర్మించుకొన్న యుద్ధవిమానములు సరిగా ఆ కాలముననే కొలువు చాలించుచుండుటచే, అవియే శత్రువేషమునకు దొరకినవి. అయితే జర్మను ఇంజన్లు లభింపక స్పెయిన్‌వారు వానికి బిగించినది రోల్స్ రాయిస్ మెర్లిన్. అనగా బ్రిటిషు స్పిట్‌ఫైరునకు ప్రాణమైన ఇంజనే! జర్మను ఇంజను తలక్రిందులుగా అమరునది గనుక దాని పొగ అడుగువైపున రావలెను. ఇచట పైకి వచ్చుచున్నది. ముక్కు క్రింద ఉబ్బెత్తుగా నుండుటచే స్పెయిన్‌వారు దానిని ‘బుచోన్’ అనిరి. గొంతు పొంగించు పావురమని భావము.

వేషము ఇంత పట్టుబడినను చిత్రము నాకు అబద్ధమని తోచలేదు. మలుపున రెక్క ఒరిగినపుడును, ఇరుకుచక్రములు నేలనంటి తడబడినపుడును కంటికి తెలియు బరువు నటనచే వచ్చునది కాదు. కూలి పేలవలసినచోట వాడిన రేడియో బొమ్మవిమానములను మాత్రము నా కన్ను ఇట్టే పట్టివేసెను.

అసలు వస్తువుపై ఈ పట్టుదల మా పల్నాటివారికి క్రొత్త కాదు. కారంపూడిలో కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు, రాచగావు అను ఘట్టము నుండి కల్లిపాడు అను ఘట్టము వరకు, పల్నాటి యుద్ధగాథ మరల నడచునపుడు వీరాచారవంతులు వీరుల ఆయుధములైన కొణతములను మోసికొని వత్తురు. బాల్యమున నేనొకదానిని తాకబోగా, మోయుచున్న వృద్ధుడు చేయి అడ్డుపెట్టి, “ఆటవస్తువు కాదబ్బాయ్, అది వీరుడు” అనెను. 1947లోను 1966లోను వచ్చిన రెండు ‘పల్నాటి యుద్ధం’ చిత్రములను చూచితిని గాని, వానిలోని కత్తులు నాకు జ్ఞాపకము లేవు. నా చూపంతయు నాగమ్మ పాత్రధారిణులు కన్నాంబ, భానుమతుల మీదనే.

బుచోన్లు కొన్ని నేటికిని ఎగురుచున్నవి. 2017 నాటి ‘డన్‌కర్క్’లోను మెస్సర్‌ష్మిట్ వేషము కట్టినది బుచోనే. ఆ చిత్రము చూచునపుడు పొగగొట్టములవంక ఒకమారు చూడుడు.