'అవర్ టౌన్' నాటకము - శూన్యరంగము

థార్న్‌టన్ వైల్డర్ రచించిన 'అవర్ టౌన్' నాటకము 1938వ సంవత్సరము జనవరి 22వ తేదీని ప్రిన్స్‌టన్ నగరమున మొదటిసారి ప్రదర్శింపఁబడి, ఫిబ్రవరి 4వ తేదీని న్యూయార్కు చేరెను. గ్రోవర్స్ కార్నర్స్ అను కల్పితమైన పల్లెపట్టణములోని దినచర్యయే ఇందలి కథ. నాఁటి ప్రేక్షకులకు వింతగాఁ దోఁచిన దేమనఁగా, రంగమునఁ దెర లేదు, చిత్రించిన గోడలు లేవు. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, రెండు నిచ్చెనలు. నిచ్చెన యెక్కి కూర్చున్నచో నదియే మేడగది కిటికీ. పాలవాఁడు లేని గుఱ్ఱము నదలించును. తల్లులు లేని పొయ్యిపై వంట చేయుదురు. కథను నడపు స్టేజి మేనేజరు మన సూత్రధారునిఁ బోలినవాఁడే కాని, ప్రస్తావనతోఁ దొలఁగిపోక చివరవఱకు నిలుచును.

ఈ శూన్యత మితవ్యయమునకై కల్పించినది కాదు. వస్తువు లేనిచోటఁ బ్రేక్షకుఁడు తన యింటి పొయ్యినే తెచ్చి నిలుపుకొనును. ఆ యేఁటనే పులిట్జరు బహుమానము లభించినది. జెడ్ హారిస్ నడపిన యా ప్రయోగము 336 మాఱు లాడినది.

పిదప జరిగినదే విచారింపఁదగినది. రంగాలంకరణ వ్యయము లేదు గావున పాఠశాలలు దీనిని విరివిగా నాడినవి. డెబ్బదియేండ్లలో శూన్యరంగము వాడుక యయ్యెను. నిచ్చెనలను జూచినంతనే ప్రేక్షకుఁడు తా నెఱిఁగినదే యని సుఖముగా నొరగి కూర్చుండును. (1940 నాఁటి చలనచిత్రమున నాయిక ఎమిలీని జావనీయక బ్రదికించిరి, రచయితయు నందుల కంగీకరించెను! అది వేఱు మాట.)

2008లో షికాగోయందును, 2009లో న్యూయార్కు బారో స్ట్రీట్ థియేటరునందును డేవిడ్ క్రోమర్ ఈ నాటకమును మరలఁ బ్రయోగించెను. రెండంకములు నిరలంకారముగానే నడచెను. నటులు నేఁటి దుస్తులే ధరించిరి. మూఁడవ యంకమునఁ, బ్రసవమున మరణించిన ఎమిలీ తన పండ్రెండవ జన్మదినమును మరలఁ జూడఁగోరును. అప్పుడు వెనుకనున్న తెర తొలఁగెను. నిజమైన వంటయిల్లు, నిజమైన పొయ్యి, 1899 నాఁటి దుస్తులు, పెనముమీఁద వేఁగుచున్న మాంసపు వాసన!

రచయిత రంగసూచనను మీఱినాఁడని యాక్షేపించుట సులభము. అక్షరమును బట్టి చూచిన నది సత్యమే. కాని బ్రతికియున్ననాఁడు తల్లి వంట చేయుటను ఎమిలీ కన్నులారఁ జూచియుండలేదు. రెండంకములవఱకు మనమును జూడలేదు. ఇప్పు డామెయు మనమును ఒక్కసారిగాఁ జూతుము. చూచునప్పటికిఁ జేయి సాఁచి యందుకొను నధికారము పోయినది. 1938లో శూన్యరంగము చేసిన పనిని, అది వాడుకలోఁ బడి చేయలేకపోయినప్పుడు, ఈ వంటయిల్లు చేసినది. ఆ ప్రయోగము 2010 వఱకు నడచి, తొలి ప్రదర్శనల సంఖ్యను మిక్కిలిగా దాఁటెను. ఐనను ఈ యుపాయ మొక్కమాఱే చెల్లునేమో; క్రోమరు ననుకరించి ప్రతివారును వంటయిల్లు కట్టినచో నదియు నిచ్చెనలవలెనే పాతపడును.